కంచె లోపలి గరిక

మే 4

కంచె పూర్తయింది. తుమ్మకంప గుచ్చుకుని అరచేతులు రెండూ మండుతున్నాయి. మండనీ. గోదారి మధ్య లంకలో మా వాటా ఎకరంలోకి ఇక వరదలు వెళ్ళేదాకా ఒక్క గేదె కాలు పెట్టడానికి వీల్లేదు. నా గేదెలైనా సరే.

మరిది ప్రకాశం పక్క ఎకరంలోంచి చూసి ఒకటే నవ్వు. "ఏంటి వదినగారూ, గడ్డికి కాపలానా? లంకలో గడ్డికి హద్దేంటండీ!"

హద్దు లేకే కదా ఈ గతి. ఏడాది పొడుగునా మేపీ మేపీ నేల బోడిచేశాం. పోయిన వరదకి గోదారి మా ఎకరం అంచుని రేగుచెట్టుతో సహా కోసుకుపోయింది. ఇంకో రెండు కోతలు పడితే ఎకరమూ ఉండదు, గేదెలూ ఉండవు.

మే 6

అత్తయ్య — "గడ్డి పెరిగితే పాములు చేరతాయే." చేరనివ్వండి, వాటికి మాత్రం ఇల్లొద్దా అన్నాను. విసురుగా లేచి లోపలికెళ్ళిపోయారు.

ఆయన రావులపాలెం అరటి మార్కెట్ నుంచి వచ్చాక అడిగాను, కంచె వేసి మంచి పని చేశానా అని. "నీ ఇష్టం." పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను ఈ మాట. నెగ్గితే మనది, ఓడితే నాది.

మే 19

నడుం విరిగిపోతోంది. గట్టు మీద కోసి, కాలవ పక్కన కోసి, మూడు గేదెలకీ మేత మోసుకొస్తున్నాను. అయినా చాలట్లేదు. పెద్ద గేదె నల్లమ్మ నన్ను చూడడం మానేసి కంచె వైపు చూస్తోంది. పాలు తగ్గాయి.

పాలకేంద్రంలో అడగనే అడిగారు — "ఏమండీ, గేదె ఒట్టిపోతోందా?"

గేదె కాదండీ, నేను.

మే 23

పిడకలు కొట్టడం మానేశాను. పేడంతా గంపకెత్తి కంచెలో చల్లడమే. లంకలో తిన్నది లంకకే పోవాలి. ఇన్నేళ్ళూ తీసుకోవడమే తప్ప ఆ నేలకి ఏం పెట్టాం?

అత్తయ్య సణుగుడు — పొయ్యిలోకి ఏం పెట్టను, నీ తలా? గ్యాసుంది కదండీ. "గ్యాసు మీద పాలు కాగితే ఆ రుచొస్తుందా!"

జూన్ 8, ఆదివారం

చర్చి అవగానే పట్టుచీరతోనే పడవెక్కి లంకకి వెళ్ళాను. నిన్న మంచి వాన. గరిక దట్టంగా అల్లుకుంది. గోదారి అంచున రెల్లు లేచింది. వేలు పెడితే మట్టిలోకి దిగింది! గరిక వేళ్ళు పాయదీస్తే వానపాము. చేత్తో పట్టుకుని ఎంతసేపు చూశానో. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు.

కంచె అవతల ప్రకాశం నేల తారురోడ్డులా గట్టిగా ఉంది. గిట్టల గుంటల్లో నిన్నటి వాన అలాగే నిలిచి ఉంది. కంచె వేయకముందు నాదీ అంతే.

జూన్ 10

ప్రకాశాన్ని రమ్మని, రెండు వైపులా చెంబుడేసి నీళ్ళు పోసి చూపించాను. నా వైపు పోసినవి పోసినట్టే ఇంకాయి. తన వైపు నీళ్ళు మట్టిని కూడా వెంటేసుకుని గోదారి దారి పట్టాయి. రేపు వరదలోనూ ఇదే జరిగేది, చూస్కో అన్నాను.

తల గోక్కున్నాడు. "నీళ్ళు ఇంకితే పాలొస్తాయా వదినగారూ?"

వెళ్ళిపోయాడు. చెంబు వాడి వీపు మీదకి విసురుదామనిపించింది. అమ్మ పెట్టిన ఇత్తడి చెంబు, సొట్ట పడుతుందని ఆగాను.

జూలై 2

ఎవరిదో పెయ్య కంచె దూరింది. ఎవరిదో ఏంటి, ప్రకాశానిదే. తోలేసి కంప మళ్ళీ కట్టాను. రెండు మాటలన్నాను. నాలుగు పడ్డాను.

జూలై 24

ఎగువన వానలు. గోదారి ఎర్రబడింది.

జూలై 26

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక. లంకలో మేస్తున్న ఊరి గేదెల్ని ఈదించి గట్టెక్కించాం. ప్రకాశం గేదె మొన్ననే ఈనింది. దూడని పడవలో తెచ్చారు. గడ్డివాములు తడిసి కంపు కొడుతున్నాయి. ఎటు చూసినా నీళ్ళు, ఎక్కడా మేత లేదు. ఊరందరి కళ్ళూ ఇంకా మునగని నా కంచె మీదే. "ఎలాగూ గోదారి పాలయ్యేదే కదండీ, కోసేసుకుందాం."

కోసేస్తే ఇన్నాళ్ళ కష్టం దేనికి? వరదకి ఎదురు నిలబడడానికే కదా ఆ గడ్డిని పెంచింది!

ప్రకాశం వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. గారూ లేదు. "బాలింత గేదె వదినా. పచ్చిమేత లేకపోతే పాలు దిగవు, దూడ దక్కదు. మట్టే ఎక్కువా మీకు?"

ఏం చెప్పను? మట్టి లేకపోతే ఆ దూడ పెద్దయ్యి ఏం తింటుంది అన్నాను. అనేసి, ఇంట్లోకొచ్చి ఏడ్చాను. బయట నల్లమ్మ కూడా ఆకలికి అరుస్తోంది.

జూలై 27

తెల్లారగానే అందరం పడవల్లో లంకకి వెళ్ళాం, కోసుకోమని చెప్పేశాను. కొడవళ్ళు మాత్రమే. మోకాలి పైన కొయ్యాలి. పీకితే ఊరుకోను. గేదె దిగకూడదు. గోదారి అంచున రెల్లు మీద చెయ్యి వెయ్యకూడదు, ఎవరైనా సరే.

కర్ర పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. ప్రకాశం కొడవలి ఒకసారి కిందకి దిగింది. "పైకి!" అని అరిచాను. ఉలిక్కిపడి పైకి కోశాడు. నా వైపు చూడలేదు. మొదటి మోపు వాడి గేదెకే వేయించాను.

జూలై 28

రెండో హెచ్చరిక. లంక మునిగింది.

జూలై 29

మోకాలెత్తు మొదళ్ళు అంత గోదారికి ఆగుతాయా? అసలు కొయ్యనివ్వకపోతేనే బావుండేదా? దూడ మాత్రం పాలు తాగుతోంది, చూశాను.

సాయంత్రం ప్రార్థనలో అందరూ ఇళ్ళ కోసం, పిల్లల కోసం. నేను గరిక కోసం. దేవుడు నవ్వుకుంటే నవ్వుకోనీ. వచ్చే ఏడాది కూడా కంచె వేస్తాను. నేలంటూ మిగిలితే.

జూలై 31

నీరు లాగుతోంది... మెల్లగా. అన్నం ముందు కూర్చున్నాను. "పోతే పోయిందిలే," అన్నారు ఆయన. పోతే పోయిందా! పళ్ళెం అక్కడే వదిలేసి లేచాను.

ఆగస్టు 1

పొద్దున్నే గట్టెక్కాను. నీళ్ళలోంచి రెల్లు కొసలు! బురద పట్టి, ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి, కానీ వరసగా, ఉండాల్సిన చోటే ఉన్నాయి. కింద మట్టి నిలిచిందో, వేళ్ళే వేలాడుతున్నాయో ఇక్కడి నుంచి తెలియడం లేదు. రెల్లు పక్కనంతా ఖాళీ నీళ్ళు. అది ప్రకాశం ఎకరం.

వాడూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వదినగారూ... నాలుగు గరిక దుబ్బులు ఇస్తారాండీ?"

"నేలే కనపడట్లేదు. ఎక్కడ నాటతావురా?"

రేపు పడవ వేస్తారట, ఇద్దరం వెళ్తున్నాం. గట్టు దిగుతూ వెనక్కి తిరిగి, చెంబు తీసుకురండి అన్నాడు.