నానమ్మ రజాయిలో కాంగ్రీ పెట్టకు

మస్రత్, సోపోర్ బస్సు ఎక్కుతున్నాను, రేపు గానీ రాను. నానమ్మ రజాయిలో ఆ నిప్పుల కుండ, కాంగ్రీ పెట్టకు. "ముట్టుకుని చూశానమ్మా, గోరువెచ్చగానే ఉంది" అంటావు, నీ సంగతి నాకు తెలుసు. కుండ చేతికి అంతే తగులుతుంది. బూడిద కింది నిప్పులు మాత్రం తెల్లవార్లూ ఆ కాళ్లలోకి వేడి ఎక్కిస్తూనే ఉంటాయి. షుగరు వచ్చాక ఆవిడ పాదాలకు స్పర్శ లేదు, కాలినా తెలియదు. "మీ అమ్మే పెట్టమంది" అని అబద్ధమాడుతుంది, నమ్మకు. నేను అనలేదు.

మరీ వణికితే నీ కాళ్లు ఆవిడ కాళ్లకు ఆనించి పడుకో. నీ ఒంటి వేడి ఆవిడకు చేరుతుంది, ఇద్దరికీ సమానం కాగానే ఆగిపోతుంది, కాల్చదు. నేను రోజూ అలాగే పడుకుంటున్నాను. తెల్లారాక మాత్రం ఆవిడ, కోడలు నిప్పు కూడా ఇవ్వదని వీధంతా చెబుతుంది.