రాజన్న లాగిన్

మంగళవారం

శ్రీనూ, బాగున్నావా? మా చీరల వెబ్‌సైట్ సర్వర్‌ను అప్‌డేట్ చేయమని నువ్వు మెసేజ్ పెట్టి నెల దాటింది. జవాబు ఇవ్వలేదు, ఏమనుకోకు. పెళ్లిళ్ల సీజన్‌లో సైట్ ఒక్క పూట ఆగినా ఆర్డర్లు పోతాయని ఆగాను.

ఈ రోజు కంప్యూటర్లు చూసే జిగ్నేష్‌భాయ్ వచ్చాడు. పాత సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందట. ఏదో ఒక్క పనికే ఇచ్చిన చిన్న లాగిన్ ఉన్నవాళ్లు ఎవరైనా మొత్తం సర్వర్‌కు మాలిక్ అయిపోయి, ఏదైనా చూడొచ్చు, మార్చొచ్చట.

"చిన్న లాగిన్ ఎవరికిచ్చారు?" అన్నాడు.

ఇక్కడ సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో షట్టర్ తాళంచెవి పక్క దుకాణంలో ఇచ్చిపోవడం మాకు అలవాటే కదా. అట్లాగే పక్క దుకాణం రాజన్నకు తన చీరల ఫొటోలు మా సైట్‌లో పెట్టుకోమని లాగిన్ ఇచ్చాను. ఆయన ఆ పాస్‌వర్డ్ తన దగ్గర పనిచేసే అందరికీ చెప్పాడు. అదే సర్వర్‌లో మార్కెట్‌కు రాని నా డిజైన్లు, కస్టమర్ల ఇళ్ల అడ్రసులు ఉన్నాయి.

జిగ్నేష్‌భాయ్ అప్‌డేట్ చేసి, ఆ లాగిన్ మూసేశాడు. ఇప్పటికే ఎవరైనా చూశారా అంటే చెప్పలేనన్నాడు. మాలిక్ అయినవాడు తన జాడ కూడా చెరిపేయగలడట.

సాయంత్రం రాజన్న వచ్చాడు. "ఏందే అంజన్నా, ఫొటోలు ఎక్కుతలేవు. నన్ను బయటికి దొబ్బినవా ఏంది?" అని నవ్వాడు.

"గట్లేం లేదే, జర రిపేరుంది" అన్నాను.

"సరే తీయ్" అని, రోజులాగే తన షట్టర్ తాళంచెవి నా చేతిలో పెట్టి పోయాడు.

అది ఇంకా నా జేబులోనే ఉంది. ఆయనకు నిజం చెప్పాలి, నువ్వు పక్కనుంటే ధైర్యం. సూరత్‌కు ఎప్పుడొస్తావు?