గేరు బండీ, లావణ్య వాళ్ళ బావా

హైదరాబాదు,
ఆదివారం

అక్కకీ బావగారికీ నమస్కారాలు.

అక్కడ అందరూ ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? కాలవకి నీళ్ళొచ్చాయని అమ్మ ఫోన్లో చెప్పింది గానీ, మన నందివాడ చేలో నాట్లు పడ్డాయో లేదో చెప్పలేదు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా నడుము తప్ప. నువ్వు కంగారుపడకు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. మాది రెండు గదుల ఇల్లు, ఏం మాట్లాడినా లావణ్యకి వినబడుతుంది. తను గుడికి వెళ్ళిందని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

గుడివాడలో ఉన్నప్పుడు స్కూటర్ మీద ఊరంతా తిరిగినా ఏమీ అనిపించేది కాదు. ఇక్కడ ఆఫీసుకి వెళ్ళడానికే గంట పైన పడుతోంది. వానలు మొదలయ్యాక రోడ్లన్నీ గుంటలే. ఆ చిన్న చక్రాలు గుంటలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నుకి తగులుతుంది. డాక్టరు మాత్రలు రాసి, పెద్ద చక్రాల బండి చూసుకోమన్నాడు. నాకేమో గేర్లు రావు. కాలేజీ రోజుల నుంచీ స్కూటరే కదా.

లావణ్య వెంటనే కిరణ్‌కి ఫోన్ చేసింది. మా పెళ్ళిలో చూశావు, లావణ్య మేనత్త కొడుకు, బంటుమిల్లిలో వాళ్ళ పక్కింట్లోనే పెరిగాడు. ఒకప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళి చేద్దామని పెద్దవాళ్ళు అనుకున్నారని నువ్వే నాకు చెప్పావు. చెప్పకుండా ఉంటే బాగుండేది అక్కా. ఇప్పుడు మా పక్క కాలనీలోనే ఉంటున్నాడు.

వచ్చీ రాగానే మొదలుపెట్టాడు. నిటారుగా కూర్చునే బండి తీసుకోవాలట, సీటు వెడల్పుగా ఉండాలట, ఆపినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలట, క్లచ్ మెత్తగా లేకపోతే ట్రాఫిక్‌లో చెయ్యి లాగేస్తుందట. అన్నీ సరైన మాటలే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. లావణ్య ప్రతి మాటకీ తలూపుతోంది. నేను చెప్పేటప్పుడు తను అలా వినడం ఎప్పుడూ చూడలేదు.

ముగ్గురం షోరూంకి వెళ్ళాం. పక్క సందులో నడిపి చూడమన్నారు. క్లచ్ వదలగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ అదే, మళ్ళీ అదే. అప్పుడు లావణ్య, నేనొకసారి చూస్తానండీ అని, చున్నీ నడుముకి చుట్టుకుని ఎక్కింది. సందు చివరిదాకా వెళ్ళి, తిప్పుకుని, వచ్చి సరిగ్గా నా ముందు ఆపింది. ఒక్క కుదుపు లేదు. కిరణ్ నవ్వి, "చెరువుగట్ల మీద నేను నేర్పిందంతా గుర్తుందే నీకు" అన్నాడు.

పెళ్ళయి రెండేళ్ళయింది. ఈ ముక్క నాకు తెలీదు. ఆ గట్టూ, వెనక కూర్చుని నేర్పుతున్న అతనూ కళ్ళముందు కనబడి, ఇంకేమీ వినబడలేదు. అతను వద్దన్న బండే కావాలన్నాను. ముందుకి వాలి కూర్చోవాలి, నా మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనుతాయి. లావణ్య ఏదో అనబోతే, "అంత బాగా తెలిస్తే మీ బావకే కొనిపెట్టు" అన్నాను. అందరి ముందూ. తను బస్టాపు వైపు నడిచి వెళ్ళిపోయింది. నేను ఆ బండే బుక్ చేసి వచ్చాను.

తర్వాత ఇంట్లో అన్నం పెట్టడం తప్ప మాట లేదు. చివరికి నేనే అడిగాను, నాకెందుకు చెప్పలేదని. పప్పు పోపు వేస్తూ, స్టవ్ ఆపేసి ఇటు తిరిగింది.

"బావ మొదటి రోజు ఎక్కించాడు, పడ్డాను, స్నేహితులతో కలిసి నవ్వాడు. అంతే ఆయన నేర్పింది. తర్వాత మా నాన్న బండి మీద నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇక మీ సంగతి. ఇన్నాళ్ళూ స్కూటర్ మీరే నడిపారు, నేను వెనక కూర్చున్నాను. నీకొచ్చా అని ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు అక్కా. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, షోరూంలో బతిమాలి బుకింగ్ మార్పించాను. నిటారుగా కూర్చునే బండే వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో లావణ్య నాకు నేర్పుతోంది. నా చేతిలో బండి గెంతి ఆగిపోయినా నవ్వదు. నడుము నయంగా ఉంది, నిజంగానే చెబుతున్నాను. కానీ తను నడుపుతుంటే గ్రౌండులో వాళ్ళందరూ ఆగి చూస్తారు, నన్నెవరూ చూడరు. అదీ గుచ్చుకుంటోంది.

నిన్న కిరణ్ వచ్చాడు. బండి బాగుంది, ఒక రౌండ్ వేసొస్తానన్నాడు. తాళం ఎక్కడ పెట్టామో, వెతకాలి అన్నాను. లావణ్య తాళంతో బరువుగా ఉన్న నా చొక్కా జేబు వంక చూసింది. "కూర్చో బావా, టీ పెడతాను" అని లోపలికి వెళ్ళింది.

ఎవరైనా ఇటు వస్తుంటే ఎండురొయ్యలు పంపించు. అమ్మకి ఇవేవీ చెప్పకు. పెద్దమ్మకీ పెదనాన్నకీ నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. లావణ్య తరఫున కూడా నేనే దణ్ణం పెడుతున్నాను, ఈ ఉత్తరం సంగతి తనకి తెలీదు. మా ఇద్దర్నీ చల్లగా ఉండమని దీవించు. నాకు కాస్త బుద్ధి రావాలని కూడా.

నీ తమ్ముడు,
సుధాకర్