కారులో మిగిలిన మీ చిరునామా

తమ్ముడూ,

కొత్త కారుకు దారి చూపే తెర లోపలే బిగించి ఉన్నది తీసుకోనా, విడిగా అద్దానికి అంటించేది కొననా అని అడిగావు. విడిదే కొను. దిగేటప్పుడు తీసి జేబులో వేసుకోవచ్చు.

నాది బిగించినది. ఆదివారం అమ్మాయిని మీ ఇంట్లో దింపడానికి అందులోనే మీ చిరునామా కొట్టాను. ఈ ఉదయం అల్లుడు వచ్చి, "నా బండి మొరాయించింది మామయ్యా, పది నిమిషాలు మీ కారివ్వండి" అన్నాడు. కాదనలేకపోయాను. తిరిగొచ్చి తాళాలు చేతిలో పెడుతూ, "అమ్మాయి ఎక్కడుందో తెలీదన్నారుగా? మీ కారుకి తెలుసు మామయ్యా" అని నవ్వాడు. అతను వెళ్ళాక తెర వెలిగించి చూశాను. వెళ్ళొచ్చిన చోట్ల పట్టికలో అన్నిటికంటే పైన మీ వీధి, ఇంటి నంబరు ఉన్నాయి. వెళ్ళిన చోటల్లా అది రాసిపెట్టుకుంటుందని నాకు తెలియదు.

నా ఫోను అతను కొనిచ్చిందే. అందులో మాట్లాడటానికి భయమేసి మన మెకానిక్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. చదవగానే అమ్మాయిని వేరేచోటికి చేర్చు. అతను విరిచిన చెయ్యి ఇంకా అతుక్కోలేదు, పెట్టె నువ్వే మొయ్యి. ఎక్కడికి చేర్చావో నాకు చెప్పకు. అతను మళ్ళీ వచ్చి అడిగితే, తెలియదనే నా మాట ఈసారి నిజమై ఉండాలి.

అన్నయ్య