సైలెన్సర్‌లో మట్టిగూడు

ఆపాకు సలాం. నేను బాగున్నాను, వేళకే తింటున్నాను.

వాళ్ల అమ్మీ విమానం ఎగురుతుందని కార్డు మీద రాసిస్తేనే ఇంటికొస్తానని పాప జుబియా నీ దగ్గర కూర్చుంది కదా. ఫరహత్ పోయినప్పటి నుంచి మూలనున్న ఆ బొమ్మ విమానాన్ని మొన్న బయటికి తీశాను. ఇంజన్ స్టార్టయింది గానీ వేగం అందుకోలేదు. కొత్త ఇంధనం పోశాను, ప్లగ్గు మార్చాను. అయినా మూలుగుడే.

పక్కింటి రామకోటేశ్వరరావు గారు గోడ మీంచి చూసి, "పొగ బయటికి పోతేగా హబీబ్ గారూ, అది పరిగెత్తేది! ముందా సైలెన్సర్ విప్పండి" అన్నారు. విప్పితే లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు. ఎగరేసి దించిన ప్రతిసారీ ఫరహత్ ఆ గొట్టంలో గుడ్డముక్క కుక్కేది. "ఇంజన్‌కి చలేస్తుందా?" అని ఏడిపించేవాణ్ణి. ఈ ఏడాది ఎవరూ కుక్కలేదు.

మట్టి గీకేశాక ఇంజన్ వీధి చివరిదాకా వినిపించింది. ఇక ఎగురుతుంది. పాపకు ఈ కార్డు చూపించు.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? మీ కాలవకు నీళ్లొచ్చాయా? ఆదివారం పాపను తీసుకుని రా. పచ్చిమిరప పచ్చడి కొంచెం తే. బావగారికి సలాం, జుబియాకు దువా.

పాపను ఒక గుడ్డముక్క తెచ్చుకోమను. ఎగరేశాక కుక్కే పని ఇక తనది.

తమ్ముడు హబీబ్