ఆయాసం చాటున

జార్జ్‌టౌన్,
ఆదివారం మధ్యాహ్నం.

బిస్కెట్ల పొయ్యి పక్కన కూర్చుని నన్ను మరిచిపోయిన సూ లియాన్‌కి,

నువ్వు కంపార్ వెళ్లి ఏడాది కావస్తోంది. మీ తమ్ముడి దుకాణం బిస్కెట్లు ఒక్కసారి పంపావు. వాటిని అందరికీ పంచమని సిన్నప్పన్ చేతికిచ్చాను చూడు, అదీ నా తెలివి. మా ఇంటి సందు దాటకముందే సగం డబ్బా ఖాళీ చేశాడు. అడిగితే, "ఎండకి మెత్తబడిపోతాయని తినేశానక్కా, వృథా చేయడం పాపం కదా" అన్నాడు.

నీకు ఫోన్ చేద్దామంటే మీ తమ్ముడు దాన్ని గల్లాపెట్టె మీద పెట్టి స్పీకర్ నొక్కుతాడు. నేను చెప్పే కష్టసుఖాలన్నీ బిస్కెట్లు కొనడానికొచ్చిన వాళ్లు వింటారు. మన గుంపు వాట్సాప్‌లో రాద్దామంటే, నేను ఏడుస్తూ రాసినా సిన్నప్పన్ పువ్వుల బొమ్మ పెడతాడు. అందుకే కాగితం తీశాను. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఈ పొద్దున కూడా సైకిళ్ల మీద మన పాత దారే. సముద్రం పక్కనుంచి తెలుక్ బహాంగ్ వెళ్లి, ఆనకట్ట దాటి, కొండెక్కి, అవతల బాలిక్ పులావ్‌లో చేపల పులుసు పోసిన లక్సా నూడుల్స్ తిన్నాం. ముందు సిన్నప్పన్, మధ్యలో నేను, అందరికన్నా వెనక ఖెంగ్ స్వీ అన్న. నువ్వు తొక్కే చోటు మాత్రం నాకూ సిన్నప్పన్‌కీ మధ్య ఖాళీగానే ఉంటుంది. అనుకుని వదిలింది కాదు, అలా ఉండిపోయింది. మనల్ని 'తాబేళ్ల జట్టు' అని వెక్కిరిస్తూ దూసుకుపోయే ఆ కుర్రాళ్లు ఇవాళ కూడా దూసుకుపోయారు. "పోండి నాయనా, కుందేళ్లు ముందే పోవాలి" అని సిన్నప్పన్ చెయ్యి ఊపాడు.

ఇక అసలు సంగతి. మన జట్టు ఆచారం నీకు తెలియనిది కాదు. అలిసిపోయానని మనలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పక్కవాడు అలిసిపోయాడని కనిపెట్టిన మనిషే తన సైకిలుకేదో అయిందని ఆపాలి. ఆపినవాడు నిజంగా దిగి, దాన్ని తిప్పి చూడాలి. మిగతావాళ్లు వైద్యుల్లా చుట్టూ మూగి సలహాలివ్వాలి. అలిసినవాడు ఆ కాసేపట్లో, ఎవరికీ అప్పు పడకుండా, ఊపిరి పీల్చుకోవాలి. ఎంత మర్యాదైన అబద్ధమో అని నేను ముచ్చటపడేదాన్ని. సిన్నప్పన్ ఒకసారి శుభ్రంగా ఉన్న చక్రాన్ని విప్పేసి, మళ్లీ బిగించడం రాక లారీలో ఇంటికెళ్లిన రోజు గుర్తుందా?

కానీ ఈ మధ్య ఆ మర్యాదే నన్ను పొడుస్తోంది. నా ఎడమ మోకాలు మునుపటిలా లేదు. ఎత్తు మొదలవగానే రొప్పుతాను. నేను రొప్పడం మొదలుపెట్టానో లేదో, వెనకనుంచి ఖెంగ్ స్వీ అన్న గొంతు వినిపిస్తుంది: "ఒక్క నిమిషం ఆగండర్రా, నా సీటు వదులైంది." వచ్చే ఆదివారం మళ్లీ సీటే. ఆ తర్వాత బ్రేకు. ఆయన ఆపకపోతే సిన్నప్పన్ గొలుసు ఊడుతుంది. ఉద్యోగమంతా బడిలో పిల్లల దొంగ కడుపునొప్పులు పట్టుకుంటూ గడిపినదాన్ని నేను. ఈ ఇద్దరు ముసలి పిల్లల అబద్ధం నాకు తెలియదా? మునుపు ఒకరికోసం ఒకరం ఆగేవాళ్లం. ఇప్పుడు ప్రతి ఆగుడూ నాకోసమే. మంచి మనుషుల ఆదివారాలకి నేను రాయిలా వేలాడుతున్నాను, సూ.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. మానేస్తాను. వచ్చే నెల మనవాళ్లు అనుకుంటున్న కెడా సైకిలు యాత్రకి కూడా వెళ్లను. మనవరాలిని చూసుకునేవాళ్లు లేరని చెబుతాను. నన్ను వాళ్లు ఎప్పటికీ వద్దనరు. అందుకే నేనే ముందు లేవాలి. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకే.

నీ
రొకియా

---

కంపార్.

మోకాలి కన్నా నాలుక పదునైన నా రొకియాకి,

నీ ఉత్తరం దుకాణం వెనక, మైదా బస్తా మీద కూర్చుని చదివాను. ఎవరికీ వినిపించలేదులే. సిన్నప్పన్‌కి చెప్పు, ఈసారి డబ్బాకి తాళం వేసి పంపుతాను, తాళంచెవి నీకు విడిగా పోస్టులో వస్తుంది.

నువ్వు మానేస్తానంటే వద్దని బతిమాలతాననుకున్నావేమో. బతిమాలను. వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపో. విస్తరిలో ఇంకా అన్నం ఉండగానే లేచినవాళ్ల గురించి అందరూ మంచిగా చెప్పుకుంటారు. చివరిదాకా కూర్చున్నవాళ్లకి వడ్డించేవాళ్ల మొహంలో విసుగు కనబడుతుంది. మనవరాలి సాకు మంచిదే. దాన్ని ఎవరూ తరచి అడగరు.

మోకాలికి అల్లం నూనె రాయి. ఇంకేం రాయాలో తోచడం లేదు. పొయ్యిలో పెట్టినవి మాడుతున్నట్టున్నాయి.

సూ లియాన్

---

జార్జ్‌టౌన్.

సూ లియాన్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టేశాను. నిజం చెప్పనా, నొచ్చుకున్నాను. నువ్వైనా చెయ్యి పట్టుకుని లాగుతావనుకున్నాను. "సాకు మంచిదే" అన్నావు. సరే, ఆ కోపం తర్వాత చూసుకుందాం. ముందు ఇది చదువు. కంగారు పడకు, అందరం బతికే ఉన్నాం.

ఈ ఆదివారమే చివరిదని మనసులో అనుకుని బయల్దేరాను. బాలిక్ పులావ్‌లో లక్సా తినేటప్పుడు మనవరాలి మాట చెప్పేద్దామని దారంతా వాక్యాలు కూర్చుకుంటూ తొక్కుతున్నాను. ఆనకట్ట దాటాం. ఎత్తు మొదలైంది. నా రొప్పు నాకే వినిపిస్తోంది. అప్పుడు వెనకనుంచి, అనుకున్నట్టే, ఖెంగ్ స్వీ అన్న: "రొకియా, ఆగమ్మా. నా సీటు వదులైంది."

నాకేమైందో తెలియదు. ఇన్నాళ్ల ఉక్రోషమంతా నోట్లోకి వచ్చింది. తిరిగి కూడా చూడకుండా, "మీ సీటు రాయిలా ఉందన్నా. నామీద జాలితో దిగక్కర్లేదు, నేనెక్కగలను" అన్నాను. అని, పళ్లు బిగబట్టి తొక్కాను. సిన్నప్పన్ ఒకసారి వెనక్కి చూశాడు. నా మొహం చూసి వాడు కూడా ఆగలేదు. అక్కకి ఇవాళ పౌరుషం వచ్చింది, ఆగితే చిన్నబుచ్చినట్టవుతుందని అనుకున్నాడట. వెనకనుంచి ఆయన మరోసారి పిలిచాడు. అదీ మర్యాదే అనుకున్నాం ఇద్దరం.

కొండ మీద దాకా ఎక్కాను, సూ. ఆగకుండా. జాజికాయ రసం అమ్మే బల్ల దగ్గర దిగి, గెలిచినదానిలా రెండు గ్లాసులు తాగాను. "చూశావా" అన్నాను సిన్నప్పన్‌తో. వాడు చూడలేదు. దారివైపే చూస్తున్నాడు. ఖెంగ్ స్వీ అన్నకని పోయించిన గ్లాసు అలాగే ఉంది, అందులో మంచుముక్కలు కరిగిపోయాయి, ఆయన మాత్రం రాలేదు. సిన్నప్పన్ సైకిలెక్కి దిగువకి పోయాడు. నేను వాడి వెనకే. అంత వేగంగా ఆ వంపుల్లో ఎప్పుడూ దిగలేదు. మోకాలు నాకుందని కూడా గుర్తు లేదు.

దురియన్ పళ్ల తోట కంచె పక్కన, కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పేశాడు. సైకిలు జాగ్రత్తగా చెట్టుకి ఆనించి ఉంది, సీటు బిగువుగానే ఉంది. మొహం మాత్రం పిండి ముద్దలా ఉంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నన్ను చూసి, "ఎక్కేశావా పైకి?" అని అడిగాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను. తోటవాళ్ల వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో సిన్నప్పన్ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు.

గుండెకెళ్లే నాళం ఒకటి పూడుకుపోయిందట. స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నాడు, ఆసుపత్రి గంజిని తిట్టేంత బాగున్నాడు.

నిన్న చూడడానికి వెళ్లాం. మంచం పక్కన కూర్చుని క్షమించమని అడగబోయాను. కన్నీళ్లు వచ్చాయి. ఆయన కోడలు బయటికి వెళ్లేదాకా ఆగి, నా వైపు వంగి అన్నాడు:

"ఏడవకమ్మా. అంత పెద్ద తప్పు నువ్వేం చేయలేదు. ఇన్నాళ్లూ నేను ఆపింది నీకోసం కాదు."

"మరి ఎవరికోసం?"

"నాకోసమే. కొండ మొదలైతే చాలు, గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుండేది. చెబితే మా కోడలు సైకిలుని గొలుసేసి కట్టేస్తుంది. మీరేమో, పెద్దవాడివి ఇంట్లో కూర్చో అంటారు. అందుకని నువ్వు రొప్పేదాకా ఓపిక పట్టి, అప్పుడు సీటు వదులైందనేవాణ్ని. నీ ఆయాసం చాటున దాక్కున్నానమ్మా. నువ్వంత గట్టిగా రొప్పుతుంటే నా రొప్పు ఎవరికి వినిపిస్తుంది?"

నేను ఆయన్ని కొట్టాలో, చెయ్యి పట్టుకోవాలో తెలియక దుప్పటి సర్దాను. నేను మానేయాలనుకున్న ఆదివారాలన్నీ ఆయన నన్ను పట్టుకుని వేలాడుతున్నాడన్నమాట. నేను మానేసి ఉంటే, ఎవరి చాటున ఆగేవాడు? ఆగకుండా తొక్కి ఎక్కడ పడిపోయేవాడు?

మంచం అవతల సిన్నప్పన్ తల గోక్కుంటున్నాడు. వాడిని నిలదీశాను: నీ గొలుసు ఎవరికోసం ఊడేది చెప్పు అని. "కొన్నిసార్లు నీకోసమేనక్కా" అన్నాడు. మళ్లీ తనే, "కొన్నిసార్లు టీ కోసం" అన్నాడు. ఖెంగ్ స్వీ అన్నకి నవ్వొచ్చి సూదులు గుచ్చని చోట కూడా నొప్పి పుట్టిందట.

తర్వాత నేను టీచర్ గొంతు తీశాను. ఇకమీదట ఎవరికి ఆయాసమొస్తే వాళ్లే నోటితో చెప్పాలన్నాను. ఇద్దరూ తలవంచుకుని వింటున్నారు. "ఈ వయసులో కొత్త భాష నేర్చుకోమంటావా?" అన్నాడు ఖెంగ్ స్వీ అన్న. నేర్చుకోమన్నాను. కెడా యాత్ర వాయిదా వేశాం. డాక్టరు ఒప్పుకున్నాక, ఎత్తుల్లేని ఆ వరిపొలాల దారిలో, మెల్లగా. నేనూ వెళ్తున్నాను. మనవరాలి సాకు గురించి వాళ్లకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం పోయింది.

ఇప్పుడు నీ మీద కోపం దగ్గరికి వస్తాను. వెళ్లిపో అని అంత తేలిగ్గా ఎలా రాయగలిగావు? నువ్వే నా చోట ఉంటే నేను బస్సెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ని.

రొకియా

---

కంపార్,
దుకాణానికి సెలవు రోజు.

జుట్టు పట్టుకుని లాక్కొస్తానన్న నా రొకియాకి,

మరి రాలేదేం?

కోపంతో అడగడం లేదు. నీకెలా తెలుస్తుంది, నేను చెప్పలేదుగా. మా తమ్ముడికి సాయం కావాలని చెప్పి వచ్చాను. వాడికి సాయం ఏమీ అక్కర్లేదు. ముగ్గురు పనివాళ్లున్నారు. నేను గల్లా దగ్గర కూర్చుంటే వాళ్లకి అడ్డం. ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ నన్ను వెళ్లమనలేదు, మంచి మనుషులు, అంతే.

నేను జట్టులో ఉన్న చివరి నెలల్లో కూడా ఖెంగ్ స్వీ అన్న సీటు వదులవుతూనే ఉండేది. నీకు గుర్తుండకపోవచ్చు. నాకు ప్రతి ఆగుడూ గుర్తుంది. అప్పట్లో నీకన్నా ఎక్కువ రొప్పేది నేనే. అందరూ నాకోసమే దిగుతున్నారని, నావల్లే మీ ఆదివారాలు పాడవుతున్నాయని నమ్మాను. నమ్మి, మంచి సాకు వెతుక్కుని, విస్తరిలో అన్నం ఉండగానే లేచి వచ్చేశాను. అందుకే నీకలా రాశాను. నిన్ను వద్దంటే, నేను చేసింది తప్పని నాకు నేనే చెప్పుకున్నట్టవుతుంది. ఆ ధైర్యం లేకపోయింది.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను, రొకియా. తర్వాత ఏడ్చాను. తర్వాత మళ్లీ నవ్వాను. మా తమ్ముడి భార్య భయపడి వేడినీళ్లు తెచ్చింది. ఆ ముసలాయన నా చాటునా దాక్కున్నాడన్నమాట. నేను లేచి వచ్చేస్తే, పాపం, నీ చాటుకి మారాడు. నేనే అక్కడ ఉండి ఉంటే, మన ఇద్దరిలో ఎవరో ఒకరం నిజం చెప్పేవాళ్లమేమో. చెప్పేవాళ్లం కాదేమో కూడా. మనం ఎంత మర్యాదస్తులమో చూశావుగా.

సైకిలు ఇక్కడికి తెచ్చుకోలేదు. మా పాత ఇంట్లోనే ఉంది, టైర్లలో గాలి పోయి ఉంటుంది. సిన్నప్పన్‌ని వెళ్లి చూడమను. చక్రాలు మాత్రం విప్పొద్దని నా మాటగా చెప్పు. శనివారం బస్సుకి వస్తున్నాను. మా తమ్ముడికి చెప్పేశాను. వాడు ఆపలేదు, పైగా టిక్కెట్టు తనే తెచ్చిచ్చాడు. వాడికీ నోటితో చెప్పడం రాదు మరి.

ఒక్క మాట ముందే రాసి పెడుతున్నాను. కెడాలో మొదటి పల్లె దాటకముందే నాకు ఆయాసం వస్తుంది. ఏడాదిగా బిస్కెట్లు తిన్న ఒళ్లు ఇది. అప్పుడు నేను గట్టిగా, పొలాల్లో వాళ్లకి కూడా వినబడేలా, అలిసిపోయానని అరుస్తాను. మీరందరూ ఆగండి. ఆగి, ఎవరి సైకిలూ చూడకండి. నన్ను చూడండి.

వస్తున్నాను.

నీ
సూ లియాన్