పది వాట్ల ప్రతిజ్ఞ

మార్చి 22, శనివారం

ఉదయం 11:10. డబ్బా వచ్చేసింది! నార్త్ కరోలినాలోని క్యారీ నుంచి మిషిగన్‌లో మా నోవైకి క్షేమంగా చేరింది. లోపల నాలుగు పాత తువ్వాళ్లు, వాటి మధ్య పసిబిడ్డలా రేడియో.

పంపింది వీరభద్రరావు అంకుల్. అమెరికాలో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న తెలుగు హామ్ రేడియోవాళ్లందరం, అంటే సరదాకి సొంత రేడియోల్లో మాట్లాడుకునేవాళ్లం, ప్రతి ఆదివారం ఉదయం పదింటికి గాల్లో కలుస్తాం. పేరుపేరునా హాజరు పిలిచేది ఆయనే. డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ పది వాట్ల రేడియో ఆయన 1983లో కొన్న మొదటి రేడియో. ఇప్పటికీ చక్కగా వింటుంది. పలకడమే మానేసింది. మన గొంతుకి బలమిచ్చి యాంటెన్నాలోకి తోసే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయింది.

పోయిన ఆదివారం పదిమంది వింటుండగా నేనే అన్నాను, "అదెంత పని అంకుల్, నాకు పంపండి" అని. నోరు నాది, పని కూడా నాదే అయింది.

ఆయనకి తొందర ఉంది. ఏప్రిల్ 28న ఆయన యాంటెన్నా దింపేస్తున్నారు. సీనియర్ల అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారు, అక్కడ యాంటెన్నాలు కుదరవు. ఫోన్‌లో అన్నారు: "ముప్పై ఏళ్లు దాంట్లోంచి మాట్లాడాను నాయనా. అవతలి పక్క నుంచి అదెట్లా పలుకుతుందో నేనెప్పుడూ వినలేదు. యాంటెన్నా దిగేలోపు ఒక్కసారి వినాలని ఉంది."

కాబట్టి ప్రతిజ్ఞ!
1. ఏప్రిల్ 20 ఆదివారానికి ఈ రేడియోలోంచి మాట్లాడతాను. ఒక వారం ముందే!
2. అంతవరకూ మా ఊరి హామ్ క్లబ్ గదిలో రేడియో ముట్టుకోను. (ఇన్నాళ్లూ మాట్లాడింది దాంట్లోంచే.)
3. రోజూ ఉదయం ఆరు నుంచి ఏడు దాకా పని.
4. నా చేత్తోనే బాగుచేస్తాను.
5. డైనింగ్ టేబుల్ జోలికి వెళ్లను. (ఇది దేదీప్య రాయించింది. నా భార్య.)

మార్చి 24, సోమవారం

6:00. లేచాను! 6:05. మూత విప్పాను. లోపల నలభై ఏళ్ల దుమ్ము. అది కూడా నాకు ముచ్చటగానే ఉంది.

6:30. గరాజ్‌లో చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. తాత్కాలికంగా డైనింగ్ టేబుల్ మీదికి మార్చాను.

ఆ ట్రాన్సిస్టర్ తయారీ ఎప్పుడో ఆగిపోయిందట. ఫర్వాలేదు, బదులు వాడదగ్గవి బోలెడు. ఆన్‌లైన్‌లో ఒకాయన అసలైనవే అమ్ముతున్నాడు, పది కలిపి ఒక ప్యాకెట్. బుక్ చేశాను. ప్రపంచంలో ఎవరికీ దొరకనివి నాకు దొరికాయంటే అదృష్టం కాక ఏమిటి!

మార్చి 29, శనివారం

అదృష్టం వచ్చింది. ఒకదాని మీద దేదీప్య నెయిల్ పాలిష్ రిమూవర్ రుద్ది చూశాను. పైనున్న నంబర్ చెరిగిపోయింది. కింద ఇంకో నంబర్ ఉంది. పదీ అంతే, నకిలీ సరుకు.

దేదీప్య: "నా రిమూవర్ ఒరిజినలేనా? అదీ చెక్ చేయకపోయావా?"

ఇక అసలైనదాని ఆశ వదిలేసి, పేరున్న షాప్‌లో బదులు ట్రాన్సిస్టర్ ఆర్డర్ చేశాను. సైజు అదే, కాళ్లు అవే మూడు. ఇంకేం కావాలి?

ఏప్రిల్ 2, బుధవారం

అలారం 6:00. లేచింది 7:40. బయట మంచు. ఏప్రిల్‌లో మంచు కురిస్తే మనిషి ఏం చేస్తాడు? ఆఫీస్‌లో రిలీజ్ వారం కూడా. పార్ట్ ఎట్లాగూ ఇంకా రాలేదు కాబట్టి ఇది ఎగ్గొట్టడం కిందికి రాదు.

ఏప్రిల్ 5, శనివారం

మధ్యాహ్నం 3:00. పార్ట్ వచ్చింది! 4:10. బిగించాను, సోల్డర్ చేశాను. స్క్రూ సంతోషం కొద్దీ ఇంకో అర చుట్టు తిప్పాను.

4:20. ఆన్. ఫ్యూజ్ పోయింది.
4:24. ఇంట్లో ఇంకాస్త పెద్ద ఫ్యూజ్ ఉంది. పెట్టాను.
4:25. పొగ!!
4:26. స్మోక్ అలారం. దేదీప్య తువ్వాలుతో విసురుతోంది, మధ్యమధ్యలో నా వైపు కూడా.

దివాకర్‌కి ఫోన్ చేశాను. మా ఆఫీస్‌లోనే హార్డ్‌వేర్ టీమ్, కరీంనగర్ మనిషి.

"డేటాషీట్ చదివినవా అన్నా?"
"చూశాను."
"సూసుడు కాదన్నా. చదివినవా?"

పాత ట్రాన్సిస్టర్ వెనకుండే రేకు రేడియో డబ్బాకి నేరుగా తగిలినా ఏమీ కాదట. కొత్తదాని వెనక రేకులో కరెంటు పారుతుందట. మధ్యలో పల్చటి అభ్రకం ముక్క పెట్టాలట. నేను దాన్ని ఇనప డబ్బాకి గట్టిగా, అర చుట్టు ఎక్కువే బిగించాను. ఈ సంగతి డేటాషీట్‌లో, అంటే పార్ట్ తయారుచేసినవాళ్లిచ్చే వివరాల పత్రంలో, మొదటి పేజీలోనే బొమ్మతో సహా ఉంది. మొత్తం పదకొండు పేజీలు.

ఆఫీస్‌లో జూనియర్ల కోడ్ చూసి "డాక్యుమెంటేషన్ చదవరా మీరు?" అని రోజూ కామెంట్ పెట్టేది నేనే.

ఏప్రిల్ 6, ఆదివారం

ఉదయం 10:00. వినే భాగానికి ఏమీ కాలేదు. దేవుడున్నాడు. అంకుల్ హాజరు పిలుస్తుంటే విన్నాను. నా వంతు వచ్చింది. "జితేందర్, ఉన్నావా నాయనా?" పది క్షణాలు ఆగారు. "లేడు. సరే, వచ్చే వారం."

డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉన్నాను, పలకలేను. వాట్సాప్‌లో రాశాను: "90 శాతం అయింది అంకుల్!"

వచ్చిన పొగ శాతం కూడా కలుపుకుంటే అంతే ఉంటుంది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇంటి నుంచే పని. లంచ్ టైమ్. అభ్రకం పెట్టాను, కాలిన తీగచుట్ట మార్చాను. 12:20. ఆన్. పొగ లేదు!! మైక్‌లో హలో అన్నాను. మీటర్ ముల్లు ఎనిమిది వాట్లు చూపించింది! కుర్చీ ఎక్కి గంతేద్దామనుకున్నాను.

12:22. హలో అనడం ఆపేశాను. ముల్లు ఆగలేదు. నేను నోరు మూసుకున్నా రేడియో దాని పాటికది గాల్లోకి ఏదో తోసేస్తోంది.

12:23. గరాజ్ తలుపు దానంతట అదే తెరుచుకుంది.

12:24. మేడ మీద నుంచి దేదీప్య: "జితేందర్! క్లయింట్ కాల్‌లో ఉన్నా! నా స్పీకర్లలో ఇందాక ఎవరో హలో హలో అన్నారు! వాళ్లకీ వినపడింది!"
"ఏమన్నారు?"
"హలో అన్నారు!"

12:25. టప్ అని చిన్న చప్పుడు. ముల్లు సున్నా.

దివాకర్ చెప్పాడు: "కొత్తది పాతదానికన్నా జోరు గుర్రం అన్నా. కళ్ళెం వెయ్యకపోతే నువ్వు కొట్టకున్నా ఉరుకుతది. రెండు రెసిస్టర్లు పెట్టాలె. ఆదివారం నేనొస్త, చేసి పోతా."
"వద్దు. నా చేత్తోనే చేస్తా."
"నీ చెయ్యే కద అన్నా అసలు ప్రాబ్లం."

ఏప్రిల్ 16. తలనొప్పి.
ఏప్రిల్ 17. రెసిస్టర్లు ఉన్నాయి, కళ్ళజోడు కనబడలేదు.
ఏప్రిల్ 18. కళ్ళజోడు ఉంది, రెసిస్టర్లు కనబడలేదు. దేదీప్య టేబుల్ సర్దింది. తప్పు ఆమెదే అని ఇక్కడ మాత్రమే రాయగలను.

ఏప్రిల్ 20, ఆదివారం

గడువు. 10:06. "జితేందర్, ఉన్నావా?" ఆగారు. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగారు.

వాట్సాప్: "95 శాతం అంకుల్." ఆరంభశూరత్వం అంటారు గానీ, నాది ఆరంభంలోనే అయిపోయిన శూరత్వం.

ఏప్రిల్ 24, గురువారం

డైరీలోనైనా నిజం రాయాలి. కొత్త రేడియో కొన్నాను. రంగుల తెర, నూరు వాట్లు. ఆదివారం దీంట్లోంచి మాట్లాడి, అంకుల్ రేడియో అని చెబుతాను.

"ఇది మోసం," అంది దేదీప్య.
"వర్క్‌అరౌండ్. పక్కదారి, అంతే. పెద్దాయన సంతోషిస్తారు. యాంటెన్నా ఉన్న ఆఖరి ఆదివారం అది."
"ఆయన వినాలనుకుంది నీ గొంతా, ఆ డబ్బా గొంతా?"
"రేడియోలో అన్నీ ఒకటే!"

నాకు రాత్రి భోజనం సయించలేదు, టేబుల్ మీద చోటు లేక కౌంటర్ దగ్గర నిలబడి తిన్నందువల్ల అనుకున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

10:04. హాజరు. పిలిచారు. కాల్‌సైన్, అదే లైసెన్స్‌తో వచ్చిన నా రేడియో పేరు, ఇంగ్లిష్‌లో చెప్పి, "అంకుల్! మీ రేడియోలోంచే మాట్లాడుతున్నా! ఎట్లా ఉంది?" అన్నాను.

"స్పష్టంగా ఉంది నాయనా. ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. ఇంకాసేపు మాట్లాడు."

నాలుగు నిమిషాలు మాట్లాడాను. నోవైలో మంచు, ఆఫీస్, అభ్రకం గొప్పదనం. తొమ్మిదిమంది శభాష్ అన్నారు. అంకుల్ మాత్రం "సరే, తర్వాతివారు" అన్నారు.

11:20. ఫోన్. అంకుల్.

"జితేందర్, కొత్త రేడియో ఏ కంపెనీది?"

"మీకెట్లా తెలిసింది అంకుల్?"

"నాలుగు నిమిషాలు మాట్లాడావు, మొదటి నుంచి చివరిదాకా నీ గొంతు నీ గొంతులానే ఉంది. నా రేడియో అట్లా నిలబడదు. వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. రెండో నిమిషానికల్లా మనిషి గొంతు బాతు గొంతు అవుతుందట అవతలివాళ్లకి. ముప్పై ఏళ్లు నన్ను బాతు రావు అని పిలిచారు. ఆ బాతుని నేనూ ఒకసారి విందామనుకున్నా."

ఇంత సిగ్గు నేను ఈ దేశానికొచ్చాక ఎప్పుడూ పడలేదు. దొంగ ట్రాన్సిస్టర్లు, పొగ, గుర్రం, గరాజ్ తలుపు, 95 శాతం, అన్నీ చెప్పేశాను. క్షమించండి అన్నాను. చెబుతూంటే ఏడుపొచ్చింది.

ఆయన గొంతు తగ్గించి, "నీకొకటి చెబుతా, ఎవరితో అనకు. ఆ ట్రాన్సిస్టర్‌ని కాల్చింది నేనే. యాంటెన్నా తగిలించకుండా బటన్ నొక్కాను. పిడుగు పడిందని సుబ్బులుకి చెప్పాను," అన్నారు.

వెనక నుంచి ఆయన భార్య సుబ్బులు ఆంటీ: "ఆవేళ ఎండ మాడిపోతోందండీ! ఆరేసిన వడియాలు పూట తిరక్కుండా ఎండిపోయాయి. నాకు తెలీదనుకున్నారా?"

ముందు నవ్వింది ఆంటీయే.

"జూన్ 14కి మేం నోవై వస్తాం," అన్నారు అంకుల్. "నువ్వు ఇంట్లోంచి మాట్లాడు, నేను మీ వీధి చివర కారులో చిన్న రేడియో పెట్టుకుని కూర్చుని వింటాను. వారం రోజులుంటాం."

దేదీప్యకి చెప్పాను. వారం రోజులు అన్న ముక్క విని డైనింగ్ టేబుల్ వైపు చూసింది.

ఏప్రిల్ 28, సోమవారం

మొదటి రోజు! మళ్లీ!

ప్రతిజ్ఞ:
1. జూన్ 14కి బాతు పలకాలి.
2. శాతాలు చెప్పను.
3. దివాకర్ వస్తానంటే రానిస్తాను.
4. కొత్త రేడియో అటక మీదికి. (ఆదివారాలు తప్ప.)
5. డేటాషీట్ చదువుతాను.

6:00కి లేవాల్సింది, 6:50కి లేచాను. డేటాషీట్ రెండో పేజీ సగం అయింది.

మధ్యాహ్నం 1:15. అంకుల్ ఫొటో పంపారు. పెరట్లో యాంటెన్నా ముక్కలు గడ్డి మీద వరసగా పడున్నాయి, పక్కన ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. కాసేపటికి ఆయనే అడిగారు: "ఎంతవరకొచ్చింది?"

"ఏమీ కాలేదు అంకుల్. పదకొండు పేజీల్లో రెండో పేజీలో ఉన్నాను."

వెంటనే జవాబొచ్చింది: "రేపు ఉదయం ఆరింటికి ఫోన్ చెయ్యి. మూడో పేజీ ఇద్దరం కలిసి చదువుదాం. ఇక్కడ నాకింక వినడానికేమీ లేదు, తీరికే."

అలారాలు మూడు పెట్టాను. నాలుగోది దేదీప్య ఫోన్‌లో.